దాటిపోయిన రొట్టె

రొట్టె పళ్ళెం దీనమ్మ దోసిలి మీదుగా పక్కకు వెళ్ళిపోయింది.

ముందు పొరపాటనుకుంది. గుడ్ ఫ్రైడేకి ముందు గురువారం, సాయంత్రం ఆరాధనలో బల్ల, అంటే ఏసు శరీరమని రొట్టె, రక్తమని ద్రాక్షారసం ఇస్తారు కాబట్టి లూథరన్ గుడి నిండా జనం. బలిపీఠం ముందు కొయ్య కటకటాల దగ్గర ఒక్కో వరసకి పన్నెండు మంది మోకరిస్తారు. పాస్టరు జ్ఞానప్రకాశం అయ్యగారికి అరవై దాటాయి, చూపు అంతంతమాత్రం. పడిపోయిన కుడి చేతిని ఎడమ చేత్తో మోసుకుంటూ దీనమ్మ దోసిలి పట్టింది. అయ్యగారు ఇటు పక్కనున్న హెలెన్ టీచరు చేతిలో రొట్టె ముక్క పెట్టారు, ఒక అడుగు వేశారు, ఇంకో అడుగు వేశారు, అటు పక్కనున్న రూబీ చేతిలో పెట్టారు. రూబీ దీనమ్మ కోడలు. వెనకాలే ద్రాక్షారసం చిన్న గ్లాసుల ట్రే పట్టుకొస్తున్న సంఘ పెద్ద రమేష్ బాబు కూడా అలాగే దాటాడు. ఇద్దరికీ ఒకేసారి చూపు పోదు గదా.

"అయ్యగారండీ, మా అత్తకి ఇవ్వలేదండీ" అంది రూబీ మెల్లగా.

అయ్యగారు తల తిప్పలేదు. రమేష్ బాబే వంగి చెప్పాడు. "ఆవిడకి మతి లేదు కదమ్మా. అదేంటో తెలియకుండా తీసుకుంటే ఆవిడకే శిక్ష. ఆవిడ మంచికే చెప్తన్నాను."

గుసగుసగానే చెప్పాడు, రెండు జానల దూరంలో ఉన్న మనిషి వినదన్నట్టు. దీనమ్మకి పోయింది మాట. చెవులు కావు.

ఆ బల్ల మీద పరిచిన తెల్లగుడ్డ ఇరవై ఏళ్ళుగా ఉతికి గంజి పెట్టింది ఆమె. స్త్రీల సమాజానికి పెద్దగా తొమ్మిదేళ్ళు ఈ కటకటాల పక్కన నిలబడి వరసలు దిద్దింది. ఒళ్ళు మండిపోయింది. నాకు మతి ఉందయ్యా, నీ కంటే ఉంది, అందామని నోరు తెరిచింది.

"అదిగో" అంది.

వరసలో ఉన్నవాళ్ళందరూ వెనక్కి తిరిగి చూశారు. వెనక గోడ, గోడకి ఫ్యాను, అంతకు మించి ఏమీ లేదు. జనవరిలో పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచీ ఆమె నోట ఇదొక్కటే మాట. మంచినీళ్ళు కావాలన్నా అదిగో, కూరలో ఉప్పు తక్కువైందన్నా అదిగో, మనవడిని ముద్దు చేసినా అదిగో. అన్నప్పుడల్లా ఎదుటివాళ్ళు వెనక్కి తిరిగి చూడటం, ఏమీ లేకపోయేసరికి జాలిగా ఆమె వైపు చూడటం. అందుకే మూడు నెలల తర్వాత మొదటిసారి గుడికొచ్చి, సాయంత్రం నుంచీ పాటల్లో కూడా పెదవి కదపకుండా బిగబట్టుకు కూర్చుంది. బిగబట్టిందంతా ఇక్కడే జారింది.

వరస లేచింది. తిరిగి ఆడవాళ్ళ చాప దగ్గరికి వెళ్ళబుద్ధి కాలేదు. నడవలో నేరుగా నడుచుకుంటూ పోయి, గుమ్మం పక్కనున్న ఆఖరి బెంచీ మీద కూలబడింది.

ఆ బెంచీ యెహెజ్కేలుది. ముప్పై అయిదేళ్ళ మనిషి. పుట్టుకతోనే బుద్ధి ఎదగలేదని ఊరంతా అంటారు, అతని ముందే అంటారు. ఆరాధన జరుగుతున్నంతసేపూ మధ్యమధ్యలో లేచి బయటికెళ్ళి, అందరూ విప్పిన చెప్పులను జతలు కలిపి, వచ్చేటప్పుడు కాళ్ళు పెట్టుకోడానికి వీలుగా బయటివైపు తిప్పి పెడుతుంటాడు. ఎవరూ చెయ్యమనలేదు. ఎవరూ వద్దనలేదు.

దీనమ్మ కూర్చోగానే అతను ఆమె వైపు చూసి, బెంచీ చివరికి జరిగి చోటిచ్చాడు.

రొట్టె దాటిపోయినప్పటి కంటే అప్పుడు ఎక్కువ మండింది. నన్ను తీసుకొచ్చి వీడి పక్కన కూర్చోబెట్టారు గదా, అనుకుంది. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే.

*

రాజమండ్రిలో డాక్టరు గారు ఆమె కొడుకు సుకుమార్‌తో చెప్పింది చాలా తేటగా చెప్పారు. దీనమ్మ పక్క మంచం మీద పడుకుని విన్నది. "మెదడులో ఎడమవైపు, మాటలు కూర్చే చోట రక్తం అందలేదు. పోయింది మాట, ఆలోచన కాదు. ఆవిడకి అన్నీ అర్థమవుతాయి, మామూలుగానే మాట్లాడుతూ ఉండండి."

మూడు వాక్యాలు. సుకుమార్ కడియంలో బస్సు దిగేసరికి ఒకటే మిగిలింది, మెదడుకి రక్తం అందలేదంట అని. అది దీనమ్మ పనిచేసే నర్సరీ గేటు దాటేసరికి మెదడు దెబ్బతిందంట అయింది. గుడికి చేరేసరికి మతి పోయిందంట అయింది. దారిలో జారిపోయిన వాక్యాల కోసం ఒక్కళ్ళు వెనక్కి వెళ్ళలేదు. సుకుమార్ చెడ్డవాడు కాదు, మొక్కల లోడుతో లారీ తీసుకుని పూనా వెళ్ళి వచ్చే హడావుడి మనిషి. కానీ కన్నతల్లి మతిని కండక్టరు దగ్గర చిల్లరలాగా బస్సులో మరిచిపోతాడా ఎవడైనా?

శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటల ఆరాధనకి అందరూ వెళ్ళారు. దీనమ్మ వెళ్ళనని మంచం కోడు పట్టుకుని కూర్చుంది. రూబీ బతిమాలలేదు, మనవడిని తీసుకుని వెళ్ళింది.

వసారాలో మినప్పప్పు చేటలో పోసుకుని, ఎడమ చేత్తో రాళ్ళు ఏరుతూ ఆలోచిస్తోంది. ఇదిగో ఇది రాయి, ఇది పప్పు. తెలుస్తూనే ఉంది. ఈ చేట మొన్న సంతలో కొన్నది, అంచు వదులైంది, పేడ అలకాలి. అదీ తెలుస్తోంది. తెలిసేదంతా లోపల నిండుగా ఉంది, నోటి దగ్గరే ఆగిపోతోంది. తూము మూసుకుపోయి చేను ఎండితే కాలువలో నీళ్ళు లేవంటారా ఈ గోదావరి మనుషులు? చేలకైతే అనరు. తూము దగ్గరికి గునపం పట్టుకు పోతారు. మనిషికైతే మాత్రం, పాపం కాలువ ఎండిపోయిందండీ అని ఇంటికి పోతారు.

గుడి మైకులోంచి పాత కీర్తన మొదలైంది, సిలువ దగ్గర తల్లి నిలబడిన కీర్తన. చిన్నప్పుడు వాళ్ళమ్మ తవుడు జల్లిస్తూ పాడేది. దీనమ్మ చెయ్యి పప్పులో ఆడుతూనే ఉంది. రెండో చరణం సగానికొచ్చాక గాని ఆమెకి తెలియలేదు, పాడుతున్నది మైకు ఒక్కటే కాదని.

చెయ్యి ఆగింది. పాట ఆగలేదు. మాటలు ఒకదాని వెనక ఒకటి, ఒత్తులతో సహా, తన గొంతులోంచి వస్తున్నాయి. ఆపితే మళ్ళీ రావేమోనని భయమేసి నాలుగు చరణాలూ పాడింది. మైకులో ఆమెన్ అన్నారు. తనూ ఆమెన్ అంది.

వాకిట్లో రూబీ పిల్లాడితో నిలబడి ఉంది. సగంలోనే లేచొచ్చేసింది, నిన్నటి నుంచీ ఆ మొహాలు చూడబుద్ధి కావడం లేదు ఆమెకి.

"అత్తా! నువ్వు పాడావా?"

అవునే అందామనుకుంది. "అదిగో" వచ్చింది. ఇద్దరూ ఒక్క క్షణం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత దీనమ్మకే నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళతో సహా.

రూబీ వెంటనే మొగుడికి ఫోన్ చేసింది. రెండు నిమిషాలు విని, ఫోన్ మంచం మీదకి విసిరింది.

"రాజమండ్రిలో మాటలు నేర్పించే డాక్టరమ్మ చెప్పిందంట అత్తా, పాటలు పాడించి చూడండి, పాట మెదడులో ఇంకో వైపు నుంచి కూడా వస్తుంది అని. చీటీ మీద కూడా రాసిచ్చిందంట. ఆ చీటీ లారీ డాష్‌బోర్డులో ఉందంట! మూడు నెలలకి ఇప్పుడు చెప్తన్నాడు మీ అబ్బాయి, ఆయ్, మర్చిపోయానే అని!"

సాయంత్రానికి ఊరంతా తెలిసింది. పాట వచ్చిందన్న మాట మాత్రం దారిలో తగ్గలేదు, పెరిగింది. అద్భుతం జరిగిందన్నారు.

*

శనివారం పొద్దున్న నర్సరీకి వెళ్ళింది. ముప్పై ఏళ్ళు అంట్లు కట్టిన చోట ఇప్పుడు ఆమెకిచ్చిన పని సంచుల్లో మట్టి నింపడం. షేడ్ నెట్టు కింద గోనె పట్టా మీద ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి పోసిన కుప్ప. కుప్పకి అటు పక్క యెహెజ్కేలు. చాలాకాలంగా అతని పని అదే.

నాలుగు బారల దూరంలో ఆడవాళ్ళు కాగితం పూల మొక్కలకి అంట్లు కడుతున్నారు. ఒకే మొద్దు మీద తెలుపు, ఎరుపు, పసుపు పుల్లలు దింపి మూడు రంగులు పూయిస్తారు. ఉత్తరాది లారీలకి ఇవే కావాలి. కొత్తగా వచ్చిన లావణ్య అనే అమ్మాయి పుల్ల కొసని రెండు పక్కలా పలకలాగా చెక్కుతోంది. చెక్కడం బాగానే ఉంది. కానీ మొద్దులో చీలిక పెట్టి పుల్లని నడిమధ్య దింపుతోంది. పుల్ల సన్నం, మొద్దు లావు. మధ్యలో దింపితే బెరడుకి బెరడు ఆనదు. ఒక పక్కకి జరపాలి. లేకపోతే వారం తిరక్కుండా పుల్ల నల్లబడి ఎండుతుంది. ఒకటి, రెండు, అయిదు. దీనమ్మ చూస్తూ ఉండలేకపోయింది. లేచి వెళ్ళి లావణ్య పక్కన చతికిలబడి, కట్టిన పట్టీ విప్పి, పుల్లని పక్కకి జరిపి చూపించింది. కొస కొంచెం మొద్దుగా ఉంది, సరిచేద్దామని కత్తి అందుకుంది.

మేస్త్రి అప్పాజీ పరుగున వచ్చి ఆమె వేళ్ళలోంచి కత్తి లాగేశాడు.

"అమ్మా లావణ్యా! కత్తి ఆవిడకి అందేట్టు పెట్టొద్దన్నానా? పాపం ఆవిడకేం తెలుస్తుంది? ఎవరికైనా గుచ్చేత్తే?"

కోపంగా అనలేదు. జాలిగా అన్నాడు. ఈ అప్పాజీకి కత్తి పట్టుకోవడం నేర్పింది ఆమే. బొటనవేలు తెగితే పసుపు అద్ది కట్టు కట్టింది ఆమే. తిట్టినా పడేది. ఈ జాలి ఉందే, ఇది మనిషిని బతికుండగానే మొక్కల సంచుల మధ్య పెట్టి మట్టి కప్పుతుంది. దీనమ్మ విప్పిన అంటు వైపు వేలు చూపించింది. "అదిగో!" అంది. "అదిగో, అదిగో!"

"సరేలే దీనమ్మా, అదిగో, చూశాంలే" అన్నాడు అప్పాజీ, చూడకుండా.

పట్టా మీదకి తిరిగొచ్చి కూర్చుంది. సంచి మూతి తెరుచుకోవడం లేదు, కుడి చేతి వేళ్ళు మడత పడిపోతున్నాయి. యెహెజ్కేలు ఇవతలికి జరిగి, రెండు చేతులతో సంచి మూతి తెరిచి పట్టుకున్నాడు. ఆమె మట్టి పోసింది. అతను సంచిని రెండుసార్లు నేలకి తట్టి, పైన నీళ్ళకి రెండు వేళ్ళ ఎడం వదిలి, వరసలో పెట్టాడు. మళ్ళీ ఇంకోటి తెరిచి పట్టాడు. ఒక్క సంచి వంకర లేదు.

"అదిగో" అంది దీనమ్మ, బాగుందిరా అందామని.

"ఆయ్" అన్నాడు యెహెజ్కేలు. వెనక్కి తిరిగి చూడలేదు.

ఇన్నాళ్ళలో ఆ మాటకి వెనక్కి తిరిగి చూడనివాడు ఇతనొక్కడే అని ఆమెకప్పుడు తట్టింది.

పది సంచులయ్యాక అతనే అన్నాడు, మట్టిలోకి చూస్తూ. "గురువారం నీకూ ఇవ్వలేదు కదమ్మా."

ఆమె చెయ్యి ఆగింది.

"నాకూ ఇవ్వరు. నాకేం తెలీదంట." సంచి తట్టాడు. "నీకూ తెలీదంటనా?"

ఆవిడకేం తెలుస్తుంది అన్న అప్పాజీ మాట ఇంకా చెవుల్లోనే ఉంది. ఆ మాట అంతకు ముందు ఎక్కడ విన్నానని అనుకుంటూ ఉంది ఇందాకటి నుంచీ. ఇప్పుడు తెలిసింది. అది తన గొంతే. పోయిన ఈస్టరు నాడు తెల్లచొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని యెహెజ్కేలు కటకటాల దాకా వచ్చాడు. మోకరించబోతుంటే చొక్కా వెనక పట్టుకుని ఆపింది ఎవరు? వరసలు దిద్దే దీనమ్మే. నీకేం తెలుస్తుందిరా, పోయి కూర్చో, అంది. తిట్టలేదు, జాలిగానే అంది. పక్కనున్న ఆడవాళ్ళు నవ్వారు. అతను వెళ్ళి ఆఖరి బెంచీ మీద కూర్చున్నాడు, మళ్ళీ ఎప్పుడూ రాలేదు. ఆ పూట ఆమె ఇంటికెళ్ళి కోడికూర వండుకుని తిన్నది. ఒక్క ముద్ద కూడా గొంతుకి అడ్డం పడలేదు.

క్షమించరా, అనాలి. నాలుగక్షరాలు. వచ్చేది అదిగో. ఆమె ఆ మాట కూడా అనలేదు. తల వంచుకుని మట్టి పోసింది.

*

సాయంత్రం దీపాల వేళకి జ్ఞానప్రకాశం అయ్యగారు ఇంటికొచ్చారు. రూబీ కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చింది. ఆయన మొహంలో సంతోషం నిజమైనదే.

"రేపు ఈస్టరు. బల్ల ఇచ్చే ముందు దీనమ్మ గారిని ముందుకి పిలుస్తానమ్మా. ఒక చరణం పాడితే చాలు. నువ్వు పక్కన నిలబడి సాక్ష్యం చెప్పు, దేవుడు మా అత్తగారికి మతి తిరిగిచ్చాడని. తర్వాత మొదటి రొట్టె ఆవిడకే."

దీనమ్మ చెంబు కింద పెట్టిన చప్పుడుకి ఆయన ఉలిక్కిపడ్డారు.

"మతి ఎప్పుడు పోయిందండీ అయ్యగారూ, తిరిగి రావడానికి?" అంది రూబీ.

"అదే... అందరూ అంటన్నారు కదమ్మా."

"పోయింది మాటండీ. డాక్టరు గారు అప్పుడే చెప్పారు. మా ఆయన చెప్పలేదు, మీరెవరూ అడగలేదు."

"నా భయం నాదమ్మా. తెలియకుండా ఇస్తే ఆవిడతో పాటు నేనూ జవాబు చెప్పుకోవాలి. పాడితే సంఘం కళ్ళారా చూస్తుంది, నాకూ ధైర్యంగా ఉంటుంది."

"హెలెన్ టీచరు గారిని ఏ చరణం పాడమన్నారండీ మొన్న? రమేష్ బాబు గారిని? తెలిసి తింటన్నారో తెలియక తింటన్నారో వరసకి పన్నెండు మందినీ ఆపి అడిగారేంటండీ? మా అత్త ఒక్కత్తే పరీక్ష రాయాలా?"

అయ్యగారు మజ్జిగ గ్లాసు కింద పెట్టేశారు. కోడలి నోట తన మాటలన్నీ వరసగా వస్తుంటే దీనమ్మకి ఛాతీ నిండింది. కానీ ఆఖరి మాట దగ్గర చెయ్యెత్తి ఆపింది. అయ్యగారి వైపు చూసి, వస్తానన్నట్టు తల ఊపింది.

"చూశావా, ఆవిడ ఒప్పుకున్నారు" అన్నారాయన లేస్తూ.

ఆవిడ ఏమి ఒప్పుకుందో ఆయన అడగలేదు.

*

ఈస్టరు ఆరాధనకి గుడి బయట షామియానా కింద దాకా జనం. ప్రసంగమయ్యాక అయ్యగారు మైకు దగ్గరికి వచ్చి, దేవుడు మన మధ్య చేసిన గొప్ప కార్యం అంటూ మొదలుపెట్టి, దీనమ్మ గారూ ముందుకి రండి అన్నారు. కీబోర్డు వాయించేవాడు శ్రుతి పెట్టాడు. రమేష్ బాబు మైకు తీగ సరిచేసి పట్టుకుని నిలబడ్డాడు.

దీనమ్మ ఆడవాళ్ళ చాప మీద నుంచి లేచింది. రూబీ కూడా లేవబోతే వద్దని భుజం నొక్కింది. లేచి ముందుకి కాదు, వెనక్కి నడిచింది. జనం దారిస్తూ, ఎటు వెళుతోందో తెలియక ఒకరినొకరు చూసుకున్నారు. మతి సంగతి మళ్ళీ గుసగుసలుగా మొదలైంది.

యెహెజ్కేలు బెంచీ మీద లేడు. గుమ్మం బయట చెప్పుల మధ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు. దీనమ్మ అతని చెయ్యి పట్టుకుంది. అతను చెయ్యి చూసి, ఆమె మొహం చూసి, లాక్కోబోయాడు.

"తిడతారమ్మా" అన్నాడు.

ఆమె వదల్లేదు. ఎడమ చెయ్యొక్కటే, పట్టు అంత గట్టిదేమీ కాదు. అయినా అతను లేచి వచ్చాడు. నడవ పొడుగునా ఇద్దరూ నడిచారు. కటకటాల దగ్గర రమేష్ బాబు మైకు చాచాడు. దీనమ్మ దాన్ని పక్కకి నెట్టి మోకరించింది. మోకరించి, కొంచెం పక్కకి జరిగి, చోటిచ్చింది. యెహెజ్కేలు నిలబడే ఉన్నాడు. చొక్కా వెనక భాగం చేత్తో తడుముకున్నాడు, ఎవరైనా పట్టుకున్నారేమోనని. ఎవరూ పట్టుకోలేదు. అప్పుడు మోకరించాడు.

కీబోర్డు ఆగిపోయింది.

అయ్యగారు రొట్టె పళ్ళెం తీసుకుని వచ్చారు. "ఒక్క చరణం దీనమ్మా" అన్నారు నెమ్మదిగా. ఆమె పెదవులు కదపలేదు. పాడగలదు. నాలుగు చరణాలూ గొంతులో సిద్ధంగా ఉన్నాయి. పాడితే రొట్టె చేతిలో పడుతుంది, పక్కవాడిని మాత్రం దాటిపోతుంది. వాడికి పాట రాదు.

ఆయన ఆమె మొహంలోకి చూశారు. చూసి, రొట్టె ముక్క తీసి ఆమె వైపు చాచారు. దీనమ్మ దోసిలి మూసేసింది. ఎడమ చేత్తో అయ్యగారి మణికట్టు పట్టుకుని, పళ్ళేన్నీ చేతినీ కలిపి పక్కకి, యెహెజ్కేలు వైపుకి జరిపింది.

"అతనికి తెలియదు కదమ్మా..." అన్నారు అయ్యగారు. మాట పూర్తి కాలేదు. నిన్న ఇదే మాట ఎవరి గురించి అన్నారో ఆయనకే గుర్తొచ్చి ఉంటుంది.

యెహెజ్కేలు పళ్ళెం వైపు చూశాడు. దోసిలి పట్టలేదు. మట్టి సంచి తట్టేటప్పుడు చూసినట్టే శ్రద్ధగా చూశాడు.

"ఇది ఏసయ్య ఒళ్ళేనాండీ అయ్యగారూ?" అని అడిగాడు. "ఆయనకి నొప్పెట్టదా మరి?"

మైకు ఇంకా ఆగలేదు, రమేష్ బాబు చేతిలోనే ఉంది. ఆ ప్రశ్న గుడి గోడలు దాటి షామియానా దాకా వినిపించింది. నలభై ఏళ్ళుగా ఆ రొట్టె పంచుతున్న మనిషిని అంతకు ముందెవరూ ఆ మాట అడగలేదు.

"పెట్టిందయ్యా" అన్నారు అయ్యగారు. "చాలా నొప్పెట్టింది."

"అయితే ఊరికే పారెయ్యకుండా తినాలి" అన్నాడు యెహెజ్కేలు, దోసిలి పట్టాడు.

అయ్యగారు అతని దోసిట్లో రొట్టె పెట్టారు. తర్వాత దీనమ్మ చేతిలో పెట్టారు. రమేష్ బాబు మైకు కింద పెట్టి గ్లాసుల ట్రే తీసుకొచ్చాడు, ఈసారి ఎవరినీ దాటలేదు. నాలుగు రోజులుగా దేనికోసం ఒళ్ళు మండిందో అది దీనమ్మ నాలుక మీద ఉంది, చప్పగా, పొడిగా. మండిన ఒళ్ళు మాత్రం చల్లారలేదు. వాళ్ళ మీద కోపం సగం దిగింది, మిగిలిన సగం ఎవరి మీదో ఆమెకి తెలుసు.

లేచేటప్పుడు యెహెజ్కేలు మోచెయ్యి పట్టుకుని ఆపింది. నిన్నటి నుంచీ గుండెలో నలుగుతున్న నాలుగక్షరాలనీ కూడదీసుకుంది. గట్టిగా ఊపిరి తీసుకుని నోరు తెరిచింది.

"అదిగో" అంది.

గుడిలో ఉన్నవాళ్ళందరూ వెనక్కి తిరిగి గోడ వైపు చూశారు.

యెహెజ్కేలు చూడలేదు. "సర్లే అమ్మా, పోయిన ఈస్టరుది కదా" అన్నాడు. అని, ఆరాధన అయిపోవస్తోందని గుర్తొచ్చినట్టు, చెప్పులు తిప్పిపెట్టడానికి గబగబా బయటికి వెళ్ళాడు.